ఆరువందల తీసివేత

శనివారం ఉదయం 7 గంటల 55 నిమిషాలకు బాత్రూం తలుపు విరిగింది.

లోపల మునిరామయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నడుముకు తువ్వాలు. తలనిండా నువ్వుల నూనె. పక్కన సీకాయ గిన్నె. బకెట్ నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి. గోడ మీద తళతళలాడే గ్యాస్ గీజర్ ఇంకా మండుతూనే ఉంది.

మనిషి మాత్రం చల్లబడిపోయాడు.

ఒంటి మీద దెబ్బ లేదు. గొంతు మీద గుర్తు లేదు. గొళ్లెం లోపలినుంచే వేసి ఉంది. వెంటిలేటర్‌కు ప్లైవుడ్ ముక్క అడ్డం పెట్టి ఉంది. జీవకోనలో అది మామూలే. కొండ పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్లు దొంగలకు భయపడరు, కోతులకు భయపడతారు.

మునిరామయ్యకు అరవై ఎనిమిదేళ్లు. ముప్పై ఒక్కేళ్లు ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆరోజు పెరటాసి శనివారం, ఆ నెలలో శనివారాలన్నీ వెంకటేశ్వరస్వామివే. తలంటుకుని, నామం పెట్టుకుని, స్వామికి నైవేద్యం వండి తళిగ వేయాల్సిన మనిషి. తళిగ బియ్యం నానుతూనే ఉన్నాయి, ఆయన పోయాడు.

* * *

సోమవారం. ఉదయం 11.20.

ఎస్సై ప్రసన్నకుమారి పోస్ట్‌మార్టం రిపోర్టు రెండోసారి చదివింది. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్. వాసన ఉండదు, రంగు ఉండదు. గ్యాస్ సరిగ్గా మండని చోట పుడుతుంది. పీల్చిన మనిషికి కాస్త మగతగా ఉంటుంది, అంతే. లేచి గొళ్లెం తీద్దామనుకునేలోపు కాళ్లు రావు.

"ఇంకేముంది మేడం, కేసు క్లియర్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ వెంకటేశ్వర్లు. "కొత్త గీజర్ బిగించినాడు. పొగగొట్టం పెట్టలేదు. పొగగొట్టానికి దుడ్లు మాత్రం గుంజినాడు. ఇంతకంటే ఏం గావాల?"

కావలసినవన్నీ టేబుల్ మీదే ఉన్నాయి. మునిరామయ్య ఒక్కగానొక్క కొడుకు ధర్మేంద్ర ఇచ్చిన కంప్లయింట్. గురువారం మధ్యాహ్నం మెకానిక్ మునిశేఖర్ వచ్చి కొత్త గీజర్ బిగించి, ఇరవై వేలు పట్టుకెళ్లాడని. దానికి సాక్ష్యంగా మునిశేఖర్ అంగడి కాగితం. కింద అతని సంతకం. సంతకం పైన "మొత్తం పైకం ముట్టినది" అన్న ముక్క.

ఆదివారం సాయంత్రం అయిదున్నరకు మునిశేఖర్‌ను అరెస్టు చేశారు. ఇరవై నాలుగు గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. డీఎస్పీ పొద్దుటినుంచి రెండుసార్లు ఫోన్ చేశాడు. పేపర్లో వచ్చిన కేసు, సాయంత్రానికల్లా రిమాండ్ అయిపోవాలని ఆయన పట్టుదల.

కాగితం అంత శుభ్రంగా ఉంటే ప్రసన్నకుమారికి ఒళ్లు మండుతుంది. పదకొండేళ్ల సర్వీసులో ఏ పేదవాడి కాగితమూ అంత కుదురుగా ఉండగా ఆమె చూడలేదు.

పైగా స్టేషన్ గేటు బయట మునిశేఖర్ భార్య నవీన ఏడు గంటలనుంచి టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడి ఉంది. కూర్చోమన్నా కూర్చోదు.

ప్రసన్నకుమారి కాగితం తీసుకుని లాకప్ దగ్గరికి వెళ్లింది.

మునిశేఖర్ మూలన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. అరచేతులనిండా పాత కాలిన మచ్చలు.

"ఇది నీ సంతకమేనా?"

"నాదే మేడం. అంచనా కాగితం కింద పెట్టినా. ఆ 'ముట్టినది' అనేది మాత్రం నేను రాయలేదు. రైటింగ్ సూడండి."

"రైటింగ్ తేల్చాలంటే ల్యాబుకు పోవాల. నెల పడుతుంది."

"నెలా?" అతను లేచి కటకటాల దగ్గరికి వచ్చాడు. "నెల లోపల ఉంటే నా అంగడి యాడుంటాది మేడం?"

"సోమవారం ఏం జరిగింది చెప్పు. పోయిన సోమవారం."

"పెద్దాయన పిలిపించినాడు. పాత గీజర్ మూడేండ్లది. మంట నీలంగా రావాల, పసుప్పచ్చగా వస్తా ఉండాది. లోపల అంతా మసి. ఇది మనిషిని సంపుతుంది, ఆపేయి పెద్దాయనా అంటి. నాకు మోకాళ్లు, వేన్నీళ్లు ల్యాకుంటే కుదర్దప్పా అన్న్యాడు. అయితే కొత్తది బిగించేవరకూ తలుపు తెరిసి, వెంటిలేటర్ తెరిసి పోసుకో, గొళ్లెం పెట్టొద్దు అని వొట్టు పెట్టించుకున్న్యా." అతను తల వంచుకున్నాడు. "మంట అంటించే బ్యాటరీలు పీకి జోబీలో యేసుకోని వచ్చేసింటే పోయేది. పెద్దాయన మాటకు మొగమాటపడినా."

"గురువారం రెండు గంటలకు ఎక్కడున్నావు?"

"ఇంట్లో. జొరం."

"ఎవరు చూశారు?"

"నవీన మిషను కుట్టేదానికి పోయిండె. ఎవురూ ల్యారు."

బోనులో పడ్డ ఎలుక కూడా ఇంతకన్నా నాలుగు వైపులా తిరుగుతుంది. ఇతనికి తిరగడానికి కూడా చోటు లేదు.

ప్రసన్నకుమారి కటకటాల ముందు స్టూల్ వేసుకుని కూర్చుంది. "గీజర్ పదమూడు వేల అయిదు వందలు. ఇరవై ఎందుకయింది? ఒక్కో లైనూ చెప్పు."

వెంకటేశ్వర్లు గోడ గడియారం చూశాడు. ఆమె చూడలేదు.

"అందురూ ఇదే అడుగుతారు మేడం. గీజర్ రేటు ఆన్‌లైన్లో సూస్తారు, మెకానిక్ దొంగ అంటారు. మంట పొగ బయటికి పోయేదానికి స్టీలు గొట్టం రెండువేల రెండొందలు. గోడకు మిషనుతో బొక్క కొట్టేదానికి వెయ్యిన్ని ఎనిమిదొందలు. రెగ్యులేటరు, ట్యూబు, వాల్వులు పదారొందలు. కూలి పదైదొందలు. ఇరవై వేల ఆరొందలు అయితాది."

"కాగితంలో ఇరవై వేలే ఉంది."

"పాత గీజరు నేను తీసుకపోతా గదా. లోపల రాగి ఉంటాది. దానికి ఆరొందలు తీసేసినా. కడాకు సూడండి."

ఆమె చూసింది. చివరి లైను. చిన్న అక్షరాలు. "పాతది ఎక్స్ఛేంజ్, తీసివేత 600."

రెండు రోజులుగా ఆ కాగితాన్ని స్టేషన్‌లో అందరూ చూశారు. ఎంత గుంజాడు, దేనికి గుంజాడు అనే చూశారు. తీసివేత ఎవరి కంటా పడలేదు.

"వెంకటేశ్వర్లూ, నిన్న ఇతని అంగడి, ఇల్లు సోదా చేసింది నువ్వే కదా?"

"నేనే మేడం."

"పాత గీజర్ దొరికిందా?"

"ల్యా. పైపు ముక్కలు, పానాలు, అంతే."

"ఇనప సామాన్లవాడికి ఏమైనా అమ్మాడా?"

"ఆ చుట్టుపక్కల నలుగురిని అడిగినా. ఈ వారం ఏమీ తేలేదన్న్యారు."

ప్రసన్నకుమారి లేచింది. "జీపు తీయమను."

* * *

మధ్యాహ్నం 1.10. జీవకోన.

బాత్రూం ఇంటి వెనక, విడిగా ఉంది. దాని పక్కనుంచే మిద్దె మీది అద్దెవాళ్ల మెట్లు. వచ్చేపోయే ప్రతి ఒక్కరికీ ఆ తలుపు కనిపిస్తుంది.

క్లూస్ టీమ్ గీజర్‌కు గుడ్డ చుట్టి సీలు వేసి వదిలిపెట్టింది. ల్యాబు మనిషి వచ్చేదాకా విప్పొద్దన్నారు. ఎప్పుడొస్తాడో ఎవరూ చెప్పలేదు.

వరండాలో ధర్మేంద్ర కూర్చుని ఉన్నాడు. రేణిగుంటలో ఒక గోడౌన్లో లెక్కలు రాస్తాడు. ఇరవై తొమ్మిదేళ్లు. నిన్ననే తండ్రికి తలకొరివి పెట్టినవాడు. కళ్లు వాచి ఉన్నాయి. ఆ ఏడుపు నటన కాదని ప్రసన్నకుమారికి తెలుస్తూనే ఉంది. అదే ఆమెను ఇంకా ఇబ్బంది పెట్టింది.

"గురువారం బిగించేటప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావా?"

"ఉన్న్యాను మేడం. లీవు పెట్టినా."

"మీ అమ్మా నాన్నా?"

"కాణిపాకం పోయినారు. రాత్రికి వచ్చినారు."

"మునిశేఖర్ ఎన్నింటికి వచ్చాడు?"

"రెండుకు. నాలుక్కు పోయినాడు."

"మధ్యలో నువ్వు ఎటైనా వెళ్లావా? టీకో, దేనికో?"

"ల్యా మేడం. మొదట్నించి కడదాకా ఆడే ఉన్న్యా. స్టూలు పట్టుకున్న్యది నేనే."

"పాత గీజర్?"

"విప్పి బండికి కట్టుకోని పోయినాడు."

"మొత్తమా? లోపలి సామాను ఏదైనా వాడాడేమో?"

"ల్యా మేడం. పాతది అట్లే మొత్తంగా పోయింది. కొత్తది డబ్బాలోనుంచి నా కండ్ల ముందరే తీసినాడు."

"ఇదంతా రాసి సంతకం పెట్టు."

రాశాడు. పెట్టాడు. వెంకటేశ్వర్లు కాగితాన్ని ఫైల్లో పెట్టాడు. సమయం 1.35.

మునిరామయ్య భార్య సుబ్బులమ్మ లోపల నేలమీద కూర్చుని ఉంది. ముందు కంచంలో అన్నం ఎండిపోయి ఉంది. ప్రసన్నకుమారి కూడా నేలమీదే కూర్చుంది.

"అమ్మా, గీజర్‌కు దుడ్లు ఎవరిచ్చారు?"

"ఆయనే. బుధవారం పింఛను తీసి వాని చేతిలో పెట్టినాడు. ఇరవై వేలు."

"కొత్తది వచ్చినాక ఏమన్నాడు?"

"ఏమంటాడు తల్లీ. సంబరం. అంతకు ముందర మూడు దినాలు తలుపు తెరుసుకోనే పోసుకున్న్యాడు. మిద్దె మింద ఆడబిడ్డలు ఎక్కతా దిగతా ఉంటారు. నేను బయట చీర అడ్డం పట్టుకోని నిలబడతా ఉంటి. సిగ్గుతో సచ్చిపోయినాడు. శుక్రవారం గబగబ రెండు చెంబులు పోసుకోని వచ్చేసినాడు. శనివారం తలంటు గదా, జాస్తి సేపు పడుతుంది. ఇంగ కొత్తది వచ్చింది గదా, గొళ్లెం బిగించుకోని నిమ్మళంగా పోసుకో అని నేనే చెప్పి పంపిస్తి."

ప్రసన్నకుమారి ఆమె చేయి పట్టుకుని కూర్చుంది.

బయటికి వస్తుంటే పంచలో పాత మోపెడ్ కనిపించింది. ముసలాయన బండి. హెడ్‌లైటు మీద ఏ గుర్తూ లేదు. కిందికి వంగి చూస్తే ఇంజను మీద మూడు గంధం బొట్లు, వాటిమధ్య కుంకుమ. ఎండి, పొరలు లేచి ఉన్నాయి.

"ఇదేందమ్మా, బొట్టు ఇక్కడ పెట్టారు?"

"ఆయుధపూజకు," అంది వెనకే వచ్చిన సుబ్బులమ్మ. "ఊరంతా లైటు మింద పెడతారు. ఆయన గ్యారేజి మనిషి గదా. పని చేసేది ఇంజను, దానికి పెట్టాల బొట్టు, రేకుకు కాదు అంటాడు. మిక్సీని కూడా బోర్లించి, అడుగు విప్పి మోటరుకు పెడతాడు. నేను తిట్టేదాన్ని."

ప్రసన్నకుమారి బండి దగ్గరే రెండు నిమిషాలు నిలబడిపోయింది. తర్వాత జీపు దగ్గరున్న హెడ్ కానిస్టేబుల్‌ను పిలిచింది.

"వెంకటేశ్వర్లూ, వీఆర్వో కృష్ణమూర్తిగారిని పిలిపించు, పంచనామాకు. మునిశేఖర్‌ను తీసుకురా. గీజర్ ఇక్కడే విప్పుదాం."

"సీలు తీస్తే డీఎస్పీ సారు..."

"తిట్లు నేను తింటాలే."

* * *

మధ్యాహ్నం 3.40.

బాత్రూం ముందు అందరూ చేరారు. వీఆర్వో కృష్ణమూర్తి చేతిలో పంచనామా కాగితాలు. మునిశేఖర్ పక్కన కానిస్టేబుల్. ధర్మేంద్ర, పక్కన సుబ్బులమ్మ. గేటు అవతల ఆటో దిగి పరుగున వచ్చిన నవీన.

డీఎస్పీ ఫోన్ మోగింది. ప్రసన్నకుమారి తీయలేదు.

సీలు తీశారు. మునిశేఖరే స్క్రూలు విప్పాడు. నాలుగు స్క్రూలూ నిమిషంలో వచ్చేశాయి. అద్దంలా మెరిసే ముందు రేకు కిందికి దిగింది.

లోపల నల్లగా మసి.

కింద నీళ్లు, గ్యాస్ కలిసే చోట ఇత్తడి వాల్వు ఉంది. దాని మీద మూడు గంధం బొట్లు. మధ్యలో కుంకుమ. అంచులు ఎండి విరిగి ఉన్నాయి.

వీఆర్వో కళ్లజోడు సరిచేసుకున్నాడు. "ఇది పాత గీజరే గదమ్మా!"

"పాతదే. పైన రేకు మాత్రం కొత్తది," అంది ప్రసన్నకుమారి. "అందుకే పొగగొట్టం లేదు. గోడకు బొక్క లేదు. అందుకే పాత గీజర్ ఎక్కడ వెతికినా దొరకలేదు. అది ఈ గోడ దిగనే లేదు. బిల్లులో పాతదానికి ఆరువందలు తీసేసి ఉంది. తీసుకెళ్లినవాడి దగ్గర అది ఉండాలి కదా. లేదు. అక్కడ మొదలైంది నా అనుమానం."

"అంటే ఈయప్పే మమ్మల్ని మోసం చేసినాడు!" ధర్మేంద్ర మునిశేఖర్ వైపు వేలు చూపించాడు. "పాతదానికే కొత్త మూత యేసి..."

"ఇతను సంతకం పెట్టిన కాగితం ఎక్కడ వెంకటేశ్వర్లూ? చదువు."

వెంకటేశ్వర్లు చదివాడు. "మొదటినుంచి చివరిదాకా నేను అక్కడే ఉన్నాను. పాత గీజర్ మొత్తంగా తీసుకెళ్లాడు. కొత్తది నా కళ్లముందరే డబ్బాలోనుంచి తీశాడు."

"మోసపోయినవాడు ఇలా రాయడు ధర్మేంద్రా. ఇక్కడికి మునిశేఖర్ రాలేదు. డబ్బా లేదు. నువ్వు స్టూలు పట్టుకోలేదు, ఎక్కావు. ఆ రేకు ఎంతకు కొన్నావు?"

అతను చుట్టూ చూశాడు. ఒక పక్క గోడ, ఒక పక్క మెట్లు, ఎదురుగా పోలీసులు. చివరికి తల్లిని చూశాడు.

"ఆ బొట్టు నాయన శుక్రవారం పెట్టింది మేడం. కొత్త మిషను గదా, పెట్టినాడు. అమ్మకు తెల్సు. చెప్పమ్మా."

ఇదొక్కటే ప్రసన్నకుమారి పూడ్చలేని కంత. మసి ఎన్నాళ్లదో చెప్పడానికి ల్యాబుకు వారాలు పడతాయి. రేకు అమ్మిన అంగడి కనుక్కోవడానికి రోజులు పడతాయి. మేజిస్ట్రేటు దగ్గరికి ఇంకో గంటన్నర. ఆ బొట్టు వయసు తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే మిగిలి ఉంది.

"అమ్మా," అన్నాడు ధర్మేంద్ర. గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. "చెప్పమ్మా. నేను పోతే నాయన కర్మంతరం ఎవురు చేస్తారు? నీకెవురుండారు?"

సుబ్బులమ్మ అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది. గీజర్ వైపు చూసింది. కొడుకు వైపు చూసింది. గేటు అవతల కమ్మీలు పట్టుకుని నిలబడ్డ నవీన వైపు చాలాసేపు చూసింది. మెట్ల మీద అద్దెవాళ్లు వచ్చి నిలబడ్డారు.

ప్రసన్నకుమారి ఆమెను తొందరపెట్టలేదు. పెట్టడానికి మనసొప్పలేదు.

"పోయిన దసరాకు పెట్టినాడు," అంది సుబ్బులమ్మ.

"అమ్మా!"

"సంజవేళ కరెంటు పోయింది. మూత విప్పుకోని కూసున్న్యాడు. దీపం పట్టుకున్న్యది నేను. గంధం నా చేతిలోనిది." ఆమె కొడుకు దగ్గరికి నడిచింది. "వాళ్లింటాయప్ప లోపల కూసుంటే ఆ బిడ్డ గేటు పట్టుకోని నిలబడుకోనుండాది రా. నేను అబద్ధం చెప్పి ఇంటికి పోయి అన్నం తినాల్నా?"

ధర్మేంద్ర బాత్రూం గడప మీద కూర్చున్నాడు.

ఇక అడగాల్సిన అవసరం లేకపోయింది. అతనే చెప్పాడు. ఫోన్లో పేకాట. బుధవారం రాత్రి కూర్చుంటే తెల్లారేసరికి ఇరవై వేలూ పోయాయి. తండ్రికి చెప్పే ధైర్యం లేదు. పాతబట్టీలోని విడి సామాన్ల అంగడిలో కొత్త ముందు రేకు తొమ్మిది వందల యాభైకి దొరికింది. పొగగొట్టం నాలుగు రోజులాగి పెడతారని తండ్రికి చెప్పాడు. కాగితం మీద ముట్టినది అని రాసుకున్నాడు, తండ్రి బిల్లు అడిగితే చూపించడానికి. ఒకటో తారీఖు జీతం వస్తుంది, రాగానే నిజంగానే బిగించేద్దామనుకున్నాడు. తండ్రి చనిపోయాక అదే కాగితం పోలీసుల చేతికిచ్చాడు.

"మూడేండ్లు పనిచేసింది, పది దినాలు పని చెయ్యదా అనుకున్న్యా మేడం. నాయన్ను సంపాలని కాదు. వెంకటేశ్వరసామి మింద ఒట్టు."

"తెలుసు," అంది ప్రసన్నకుమారి. "కానీ నువ్వు కొత్తదని చెప్పకపోతే ఆయన తలుపు తెరిచే పోసుకునేవాడు."

తల్లీ కొడుకుల ముందు ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆ తర్వాత చాలా రోజులు ఆమె బాధపడింది. కానీ అప్పటికి అనేసింది.

4.25 కు మునిశేఖర్ పక్కనుంచి కానిస్టేబుల్ తప్పుకున్నాడు. నవీన లోపలికి వచ్చింది. మునిశేఖర్ సుబ్బులమ్మకు దండం పెట్టబోయాడు. ఆమె వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

ధర్మేంద్రను జీపు ఎక్కించారు. సుబ్బులమ్మ జీపు కిటికీ దగ్గరికి వెళ్లింది. తిడుతుందనుకున్నారు అందరూ. ఆమె కొడుకు చొక్కా గుండీ పెట్టింది.

"ఇరవై వేలే గదరా," అంది. "నన్నడిగింటే చెవుల కమ్మలు ఇచ్చేదాన్ని గదరా. ఎందుకు రా అడగలేదు?"

అతను చేతుల్లో ముఖం దాచుకున్నాడు. జీపు కదలలేదు. డ్రైవర్‌కు కదిలించాలనిపించలేదు.

సుబ్బులమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని వెనక్కి తిరిగింది. వీఆర్వో చేతిలో, తను చెప్పింది రాసిన పంచనామా కాగితాలు చూసింది.

"సంతకం యాడ పెట్టాల తల్లీ?"

ప్రసన్నకుమారి చూపించింది. సుబ్బులమ్మ తన పేరు పూర్తిగా రాసింది.